‘పొద్దున’ అంటే ఎన్ని గంటలకి? క్యాజువాలిటీలో సిస్టర్ మాట విలువ

ఈరోజు ఎమర్జెన్సీ నర్సుల గురించి మాట్లాడుకుందాం. వాళ్లు వేసే ఇంజెక్షన్ గురించి కాదు, వాళ్లు చెప్పే మాట గురించి. ఆ మాట సరిగ్గా అందకపోతే పేషెంట్ ప్రాణం మీదకొస్తుంది.

మన మైపాడులో వేటకెళ్లే అన్న ఒకాయన ఉన్నాడనుకోండి. పొద్దున 5 గంటలకి వల సర్దుకుంటూ బాగానే మాట్లాడాడు. 6 గంటలకి చూస్తే మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవట్లేదు. పక్షవాతం. 108లో నెల్లూరు తీసుకొచ్చారు.

సీటీ స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలితే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే అవకాశం ఉంటుంది. మామూలుగా దానికి గడువు నాలుగున్నర గంటలు. లెక్క 6 నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్న టైం నుంచి. అంటే 9.30కి గడువు అయిపోతుంది.

ఇప్పుడు చూడండి. భార్య 108 వాళ్లకి ‘5 గంటలకి బాగున్నాడు’ అంది. వాళ్లు సిస్టర్‌కి ‘పొద్దున’ అన్నారు. డాక్టర్ దాకా వచ్చేసరికి అది ‘ఇందాకే మొదలైందంట సార్’ అయ్యింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కానీ టైం గల్లంతు! టైం తెలియకపోతే ఆ ఇంజెక్షన్ ఇవ్వడం కష్టం. గడువు దాటాక ఇస్తే మెదడులో బ్లీడింగ్ ప్రమాదం.

దీనికి ఒక పద్ధతుంది, పేరు ఎస్‌బార్. అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో పుట్టింది. తర్వాత కైజర్ పర్మనెంటే వాళ్లు హాస్పిటల్స్‌లోకి తెచ్చారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పేషెంట్‌ని ఒకరి నుంచి ఒకరికి అప్పగించేటప్పుడు దీన్ని వాడమని సూచించింది. నాలుగే ముక్కలు: ఇప్పుడేమైంది, ముందేం జరిగింది, నాకేమనిపిస్తోంది, ఏం చెయ్యాలి.

“సార్, కుడి చెయ్యి పడిపోయింది, మాట రావట్లేదు. 5 గంటలకి బాగున్నాడని భార్య చెప్పింది. బీపీ మాత్రలు వాడతాడు. స్ట్రోక్ అనిపిస్తోంది. వెంటనే రండి సార్, సీటీకి చెప్పమంటారా?”

అంతే, అర నిమిషం పని. కానీ ‘నాకేమనిపిస్తోంది’ అని సిస్టర్ భయపడకుండా చెప్పాలంటే, డాక్టర్ వినాలి. విసుక్కుంటే రెండోసారి ఫోన్ చెయ్యడానికే జంకుతారు.

రెండోది రీడ్‌బ్యాక్. మన బీటెక్ బ్యాచ్‌కి టీసీపీ గుర్తుందా? ప్యాకెట్ అందిందని అవతలి నుంచి కబురు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఇదీ అంతే. డాక్టర్ ఫోన్లో డోసు చెప్తే సిస్టర్ రాసుకుని, తిరిగి చదివి, ‘కరెక్టేనా సార్?’ అని అడగాలి. ఆ గోలలో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి. అందుకే ‘వన్ ఫైవ్’ అని అంకెలు విడివిడిగా చెప్పాలి.

మరి మనమేం చెయ్యాలి? పదిమంది సిస్టర్ చుట్టూ మూగొద్దు. విషయం తెలిసిన ఒక్కరే మాట్లాడండి. చివరిసారి బాగున్న టైం, వాడే మందుల ఫొటో, పడని మందుల పేర్లు ఫోన్లో పెట్టుకోండి. ‘సిస్టర్, టైం రాసుకున్నారా?’ అని మర్యాదగా ఒక్కసారి అడగండి.

ఈ రాత్రే అమ్మానాన్నల మందుల చీటీ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేయండి. ఉంటా మరి, బై!