నవ్వు ఎవరి మీద పడుతుంది?



రెండు రచనలను పోల్చమని అడిగితే మన తరగతి గదుల్లో వచ్చే జవాబు చాలామటుకు ఒకే అచ్చులో ఉంటుంది. రెండింటిలోనూ స్త్రీల కష్టాలు ఉన్నాయి, రెండూ సంఘాన్ని సంస్కరించమంటున్నాయి, ఒకటి పద్యం, ఇంకొకటి గద్యం, కాబట్టి రెండూ గొప్పవే. ఈ జవాబు రాయడానికి ఆ రచనలు చదవనక్కర్లేదు. వాటి సారాంశం వింటే చాలు. పోలిక ఇంత చవకైపోవడం మన సాహిత్య బోధనకు జరిగిన నష్టం. అందుకని ఈ అధ్యక్షోపన్యాసం సిద్ధాంతాల జోలికి పోకుండా ఒక్క ఉదాహరణ దగ్గరే నిలబడుతుంది.

ఆ ఉదాహరణ గురజాడ అప్పారావు. డబ్బు తీసుకుని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టే ఆచారం ఆయన కళ్ల ముందే సాగింది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకం తొలి కూర్పును ఆయన విజయనగరం మహారాజు ఆనంద గజపతికి అంకితమిచ్చి, దానికి ఇంగ్లీషులో పీఠిక రాశారు. అందులో మహారాజు తయారు చేయించిన ఒక జాబితా లెక్కలున్నాయి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో తేలిన అలాంటి పెళ్లిళ్లు 1,034. అంటే ఏడాదికి సగటున 344. పెళ్లినాటికి అయిదేళ్ల వయసున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

లెక్క అక్కడితో ఆగుతుంది. లెక్కకు నవ్వు రాదు, ఏడుపూ రాదు. గురజాడ ఆ లెక్కను నాటకానికి ఇచ్చారు, తర్వాత గేయానికి ఇచ్చారు. ముసలి మొగుడు, పడుచు పెళ్లాం అన్న ఆ ముడినే 'మెటిల్డా' కథకూ ఇచ్చారు. రచయిత మారలేదు, ఆయన కోపమూ మారలేదు. కాబట్టి ఈ మూడింటి మధ్య మిగిలిన తేడాలో ఎక్కువ భాగం రూపానిదే. అది పట్టుకోవడానికి ఒక్క దారం చాలు. ముసలి పెళ్లికొడుకును చూసి లోకం నవ్వే నవ్వు.

ముందు నాటకం. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ దీన్ని మొదట ప్రదర్శించింది. 1909లో గురజాడ దీన్ని బాగా పెంచి, వేశ్య మధురవాణి పాత్రకు కొత్త నిండుదనం ఇచ్చి మళ్లీ అచ్చు వేయించారు. అగ్నిహోత్రావధానులు కూతురు సుబ్బిని 1,800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. ఆ పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి ఒక ఎత్తు వేస్తాడు. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తాను గుంటూరు శాస్త్రులై, ఆ 'పిల్ల'ను లుబ్ధావధాన్లుకు అంటగడతాడు. చూసేవాళ్లకు అసలు సంగతి తెలుసు, పెళ్లికొడుక్కి తెలియదు. నాటకానికి ఉన్న పెద్ద ఆయుధం అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. ప్రేక్షకుడు కడుపుబ్బ నవ్వగలగడానికి కారణమేమిటి? పెళ్లికూతురి స్థానంలో ఉన్నది మగపిల్లవాడు. ఆ ముసలివాడి చేతిలో నలిగేది ఎవరూ లేరు. అందుకే నవ్వు జంకూ గొంకూ లేకుండా వెళ్లి లుబ్ధావధాన్లు మీద, అతడి పిసినారితనం మీద, బేరగాళ్ల దురాశ మీద పడుతుంది. పసిపిల్లను పీటల మీద కూర్చోబెట్టి ఉంటే ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయేది. గురజాడకు ఆ సంగతి బాగా తెలుసు.

అయితే నాటకం అందుకు మూల్యం చెల్లించింది. కన్యాశుల్కం చదివినవాళ్లను అడగండి. గిరీశం మాటలు ధారగా వస్తాయి, మధురవాణి చమత్కారాలు వస్తాయి, రామప్పంతులు డాబుసరి వస్తుంది. సుబ్బి అన్న మాట ఒక్కటి గుర్తు చేసుకోమంటే ఎవరికీ తట్టదు. కథంతా ఎవరి కోసం తిరుగుతుందో ఆ పిల్ల నీడలోనే ఉండిపోయింది. ముసలివాడికి కట్టబెట్టగా వితంతువైన అక్క బుచ్చమ్మ మాత్రం మన ముందుంది. గిరీశం ఆమెను మాటలతో లొంగదీసే చోట నవ్వు వస్తుంది గానీ, ఆ నవ్వులో ఏదో గుచ్చుకుంటుంది. నాటకం ఆ ముల్లును దాచిపెట్టలేదు. కానీ దాని దగ్గర ఎక్కువసేపు ఆగనూ లేదు.

ఆగింది గేయం.

'పూర్ణమ్మ' పూజారి ఇంటి పిల్ల, దుర్గకు పూలు కోసుకొచ్చే పిల్ల. డబ్బుకు లోబడి తల్లిదండ్రులు ఆమెను ముసలివాడికి ఇస్తారు. నాటకంలో అంకాల తరబడి సాగిన బేరం ఇక్కడ కాసు అన్న ఒక్క మాటలో తేలిపోతుంది. సంఖ్య లేదు, బేరగాడు లేడు. ముసలి మొగుణ్ని చూసి నవ్వే నవ్వు మాత్రం ఉంది. తోటి ఆడపిల్లలు ఆటల్లో, పాటల్లో ఆమె మొగుణ్ని తాత అని ఎగతాళి చేస్తారు. లుబ్ధావధాన్లు మీద విసిరిన పరిహాసం లాంటిదే ఇదీ. అక్కడ అది ముసలివాడికి తగిలింది. ఇక్కడ ఆ ముసలివాడు ఎదురుగా లేడు కాబట్టి, వచ్చి పూర్ణమ్మకు తగిలింది. ఈ ఒక్క తేడాను పట్టి చూపిన విద్యార్థి తులనాత్మక పరిశీలన అంటే ఏమిటో తెలుసుకున్నట్టే.

అంతటితో అయిపోలేదు. వీడ్కోలు వేళ పూర్ణమ్మ అన్నదమ్ములను కోరేది చిన్న కోరిక. నలుగురూ కూర్చుని నవ్వుకునే వేళ ఒక్కసారి తనను తలుచుకోమంటుంది. ఏడ్చే వేళ అనలేదు, పూజ వేళ అనలేదు. తనను గాయపరిచిన నవ్వులోనే తనకింత చోటు అడిగింది. నాలుగేసి మాత్రల ఆ ఊయల నడకలో వింటున్నప్పుడు ఈ కోరిక సాదాగా జారిపోతుంది. తర్వాత తిరిగొచ్చి పట్టుకుంటుంది.

ముగింపు కూడా గేయం మాత్రమే చేయగలిగినది. ఆమె అందాలు ఒక్కొక్కటీ ప్రకృతిలో ఒక్కొక్క దాన్ని చేరతాయి. కళ్ల వెలుగు కలువలను, నడక సొగసు హంసలను, ఆమె దుర్గను. ఆమె కొలనులో మునిగిన సంగతి వినేవాడే ఊహించుకోవాలి. రంగస్థలం మీద ఇది కుదిరే పని కాదు. అక్కడ ఒక మనిషి ఉండాలి, లేదా ఒకరు వచ్చి వార్త చెప్పాలి. దుర్గలో కలవడం దుఃఖానికి పూసిన మందు అని కొందరికి అనిపించవచ్చు. ఆ అభిప్రాయం నిలవదు. దేవత కాపాడింది అన్న ఊరట ఆ పాటలో ఎక్కడా లేదు. బతికి ఉండగా ఆ పిల్లను ఎవరూ కాపాడలేదన్నదే ఉంది.

         

ఇక కథ. 'మెటిల్డా' మద్రాసులో జరుగుతుంది. ముసలి భర్త, పడుచు భార్య, ఆ దారిన వెళ్లే కాలేజీ కుర్రాళ్లు. భర్తకు ముసలిపులి అని పేరు. కథ చెప్పేది ఆ కుర్రాళ్లలో ఒకడు. నాటకంలో నవ్వేవాడు ప్రేక్షకుడు, గేయంలో తోటి కన్నెలు. ఇక్కడ నవ్వేవాడే కథకుడు. ఆమె అందాన్ని చూడడం, ఆమె మీద జాలిపడడం అతడికి సరదాగానే ఉంటుంది. అయితే ఆ చూపులే ఆమెకు ఇంట్లో ముప్పు తెస్తాయి. తనకేసి చూడవద్దని ఆమె బతిమాలుకోవలసి వస్తుంది. సానుభూతి కూడా ఆడదాని కాపురానికి ఎసరు పెట్టగలదని చెప్పడానికి గురజాడకు 'నేను' అనే కథకుడు కావలసి వచ్చాడు. నాటకంలో ఆ 'నేను'కు చోటు లేదు. గేయం దాన్ని పక్కన పెట్టింది.

మూడు రచనల్లోనూ సంస్కరణ ఉంది. అది అందరికీ తెలుసు. తెలియనిది, తరగతిలో తేల్చుకోవలసినది, నవ్వు ఎక్కడ పుట్టి ఎవరికి తగిలిందన్నది. అది సారాంశంలో దొరకదు, పుట తెరిస్తేనే దొరుకుతుంది.

ఈ సభలో ప్రశ్నపత్రాలు తయారు చేసేవారు ఉన్నారు, పాఠ్యప్రణాళికలు రాసేవారు ఉన్నారు, రేపు ఉదయం తరగతికి వెళ్లవలసినవారు ఉన్నారు. వారికి ఒక విన్నపం. సందేశం ఏమిటన్న ప్రశ్నను ఒక్క ఏడాది పక్కన పెట్టండి. ఒకరోజు గుంటూరు శాస్త్రులు బేరం కుదుర్చుకునే ఘట్టాన్ని పిల్లల చేత ఆడించండి. మర్నాడు 'పూర్ణమ్మ'ను పైకి పాడించండి, మూడోరోజు 'మెటిల్డా' చదివించండి. పాటలో తాత అన్న మాట వచ్చినప్పుడు, ముందురోజు నవ్విన పిల్లల ముఖాలు ఒకసారి చూడండి. ప్రశ్న ఆ తర్వాత అడగవచ్చు.