పిల్ల రాసిన 10023

ఎండలు ముదిరితే మా రెడ్డిగూడెం మామిడితోటల్లో కాయలు కోసే చిక్కాలు లేస్తాయి. చిన్న రసాలు, బంగినపల్లి చెట్ల కింద కుప్పలు పడతాయి. ఆ కుప్పల చుట్టూ పిల్లలుంటారు. ఇవాళ నా మాట వాళ్ల లెక్కల గురించి. అంగలూరు డైట్‌లోనో మరోచోటో చదువుకుంటూ రేపు బడికి రాబోయే ఛాత్రోపాధ్యాయులు, ఇంట్లో పలక దిద్దించే అమ్మానాన్నలు వినాలని నా కోరిక.

నాలుగేళ్ల పిల్ల ముందు ఆరేసి మామిడిపిందెలు రెండు వరసలుగా, ఎదురెదురుగా పేర్చండి. సమానమే అంటుంది. తను చూస్తుండగానే ఒక వరసను ఎడంగా జరపండి. ఇందులోనే ఎక్కువున్నాయనే పిల్లలు చాలామంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే ఇలాంటి పరీక్షల మీద 1941లో పుస్తకం తెచ్చాడు. అడిగే తీరు మారిస్తే ఆ వయసువాళ్లే సరిగా చెప్పగలరని తర్వాతివాళ్లు చూపారు. అంటే మన ప్రశ్నను కూడా అనుమానించాలి.

బడిలో ఎక్కువగా కనబడేది ఇంకొకటి. నూట ఇరవై మూడు రాయమంటే పిల్ల 10023 అని రాస్తుంది. అడ్డగీత కొట్టేముందు ఆగండి. నూటకు 100, ఇరవై మూడుకు 23. విన్నది విన్నట్టే రాసింది. నోటితో పలికే వంద, రాతలో తన సున్నాలను దాచేసుకుంటుందని ఆ పిల్లకి ఎవరూ చూపలేదు. 100, 20, 3 అని మూడు అట్టముక్కలు చేసి, కుడి అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టించండి. సున్నాలు ఎక్కడికి పోయాయో తనే చూస్తుంది.

52లోంచి 27 తీస్తే 35 అనే పిల్లా అంతే. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసింది. పెద్దదాన్లోంచే చిన్నది తీయాలని చెప్పింది మనమే కదా! పదేసి చీపురుపుల్లల కట్టలిచ్చి, ఒక కట్ట విప్పనివ్వండి.

ఇక బడి బయటి లెక్కల సంగతి. బ్రెజిల్‌లోని రెసీఫేలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద 1985లో ఒక పరిశోధన వెలువడింది. బేరం దగ్గర నూటికి 98 లెక్కలు సరిగా చెప్పినవాళ్లే, అవే కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. కొబ్బరికాయ 35 చొప్పున పది కాయలెంత అంటే, వాళ్లలో ఒకరు పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105 అని మొదలుపెట్టి, మూడేసి కలుపుకుంటూ 315కు వచ్చి, చివరి కాయతో 350 చేశారు.

ఈ కోతల్లో మీరూ అడిగి చూడండి. ట్రేకి ఇరవై నాలుగు కాయలు, ఐదు ట్రేలు. జవాబు తప్పయినా ఒప్పయినా, "ఎలా చేశావమ్మా?" అనండి. చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో అందుకోవద్దు.