జీపు ఎత్తు - టైరు కొలత



ఈ సాయంకాలము నేను చెప్పబోవు విషయము పెద్దలకు సంబంధించినది కాదని మీలో కొందరు తలంపవచ్చును. జీపును ఎత్తు పెంచుట, దానికి పెద్ద టైర్లు తొడిగించుట కుఱ్ఱవాండ్ర సరదా యందురు. నిజమే. కాని ఆ సరదాకు డబ్బడుగుటకు వారు వచ్చునది మీ యొద్దకే. ఆ బండిలో ముందు కూర్చుండువారును మీరే. అందుచే ఒకటి రెండు కొలతలు మీకు తెలిసియుండుట మంచిది. నేను ముప్పది యేండ్లు మోటారు మరమ్మతుల కొట్టులో పనిచేసిన వాడను. పాండిత్యము లేదు. చేతికి నూనె యంటిన అనుభవము మాత్రము కలదు.

మా చెల్లెలి కుమారునికి పాత జీపొకటి కలదు. ముందు వెనుకల రెండిరుసులును కమానుల మీదనే యుండు రకము. మాడుగుల నుండి పాడేరు ఘాటు ఎక్కి, ఆపైన తారు లేని కొండదారుల వెంట పోయి, కాఫీ గింజలును మిరియములును బస్తాలకెత్తి బాడుగకు దింపుట వాని జీవనము. మూడేండ్ల క్రిందట, కాఫీ కోతలకు ముందు, వాడు పట్టణమునకు పోయి ఒక కొట్టులో కమానులు మార్పించి, బండిని నాలుగంగుళములు పైకెత్తించుకొని వచ్చినాడు. టైర్లు మాత్రము పాతవే. వాకిట నిలిపి "మామయ్యా, ఏనుగులాగ లేదూ?" అని యడిగినాడు. ఏనుగు వలెనే యున్నది. కాని కాళ్లు మేకవి.

తరువాతి వారమే నేనును వానితో కూడ పోయినాను. దారిలో ఒక గెడ్డ దాటవలసి వచ్చినది. నీరు మోకాలి లోతైనను లేదు. నడుమ ఒక గుండ్రాయి కలదు. ఇంత యెత్తు బండికి ఇదియొక లెక్కా యని వాడు తిన్నగా దాని మీదికే పోనిచ్చినాడు. క్రింద పెద్ద చప్పుడైనది, బండి నిలిచిపోయినది. దిగి వంగి చూతును గదా, వెనుక ఇరుసు నడుమనుండు పళ్లచక్రముల పెట్టె, కొట్లలో డిఫరెన్షియల్ అందురు, సరిగా ఆ రాతిమీద కూర్చున్నది. ఒక చక్రము నీటిలో ఊరక తిరుగుచున్నది. దానిని వెనుకకు లాగుటకు ఎనమండుగురు మనుష్యులును, రెండు గంటల కాలమును పట్టినవి.

"నాలుగంగుళములు లేపించితిని గదా మామయ్యా, ఎట్లు తగిలినది?" అని వాడు నన్నడిగినాడు. ఈ ప్రశ్నకు సమాధానము మన రెండెడ్ల బండియే చెప్పగలదు. బండి ఇరుసు నేలనుండి ఎంత యెత్తున నుండును? చక్రపు ఎత్తులో సగము. బండిమీద గడ్డి నెంత యెత్తు వేసినను, చట్రము క్రింద దిమ్మ పెట్టి ఎంత లేపినను, ఇరుసు వెంట్రుకవాసి యైనను లేవదు. జీపు సంగతియు అంతియే. కమానులు ఇరుసునకు పైన చట్రమును మోయుచున్నవి. వానిని పెంచినచో లేచునది చట్రము, ఇంజను, సీట్లు, బస్తాలు, మనము. నేలమీద నున్నది చక్రము. ఆ చక్రమునకు నడుమ నున్నది ఇరుసు. ఇరుసు లేవవలెనన్న చక్రమే పెరుగవలెను; అదియు పెంచినదానిలో సగమే దక్కును. కమానులు పెంచుటవలన లాభము లేదని నేననను. గట్టు దాటునపుడు బండి నడుము నేలకు ఒరసికొనకుండును, ఏటవాలు ఎక్కునపుడు ముక్కు గుచ్చుకొనకుండును. గెడ్డలోని రాతి పని మాత్రము టైరుదే.

టైరు ఎత్తు తెలిసికొనుట సులభము. దాని చెంపమీదనే వ్రాసియుండును. మా వాని పాత టైర్ల మీద 215/75 ఆర్ 15 అని యున్నది. 215 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా ఆ వెడల్పులో నూటికి 75 వంతులు దాని చెంప ఎత్తు. అది 161 మిల్లీమీటర్లగును. చెంప పైనొకటి క్రిందనొకటి గనుక రెండింతలు చేయవలెను. 15 అనగా నడుమ నుండు ఇనుప చక్రము అంగుళములలో, 381 మిల్లీమీటర్లు. అన్నియు కూడగా 703, అనగా రమారమి 27 అంగుళముల ముప్పాతిక. కొన్నిటిమీద 31 అంగుళములని తిన్నగానే వ్రాసియుండును. 28కి కొంచెము తక్కువగా నున్న టైరు తీసి 31 వేసినచో ఇరుసు లేచునది ఒకటిన్నర అంగుళమునకు కొంచెము పైన. ధర చూచిన పిదప ఈ అంగుళమున్నర చాల స్వల్పముగా తోచును.

మఱి పెద్ద టైరు వేసి ఊరకొనరాదా యనిన, అది పట్టదు. నిలిచియున్న బండిలో పట్టినట్లే యగపడును. చక్రము గోతిలో పడి పైకెగసినపుడు మడ్గార్డును రాచుకొనును. స్టీరింగు పూర్తిగా త్రిప్పినపుడు కమానును గాని చట్రమును గాని తాకును. కొండమలుపులో, బరువుతో, ఈ రెండును ఒక్కసారే జరుగును. అందుచేత కమానులు పెంచుట టైరునకు చోటిచ్చుటకే గాని అలంకారమునకు కాదు. ముందు టైరెంతయో నిర్ణయించుకొని, దానికెంత చోటు చాలునో అంతే బండిని లేపవలెను. మా వాడు తలక్రిందుగ చేసినాడు. అమెరికాలో సీజే తరగతి జీపులు వాడువారు 31 అంగుళముల టైరునకు సుమారు రెండున్నర, 33కు నాలుగంగుళములు లేపుట వాడుక.

ఈ లెక్క ఎవరో చెప్పగా విని, మా వాడు నాలుగంగుళముల ఎత్తునకు సరిపడునని 33 టైర్లు కొన్నాడు. సరిపడినవి. ఎక్కడను రాచుకొనలేదు. కొలతలలో ఒకదానికొకటి సరిపోయినంత మాత్రమున బండికి సరిపోయినట్లు కాదని అప్పుడు తెలిసినది.

చక్రము దాదాపు అయిదవవంతు పెరిగినది గనుక ఇంజను బలము ఆ మేర తగ్గినట్లే. రెండవ గేరులో ఎక్కు చోట మొదటి గేరు పడినది. క్లచ్చి కాలిన వాసన వేసినది. వేగపు ముల్లు 50 చూపునపుడు బండి దాదాపు 60 మీద పోవుచున్నది. బ్రేకులు పాతవే, త్రిప్పి ఆపవలసిన చక్రము మాత్రము బరువైనది. దిగుడులో పెడలు ఎంత త్రొక్కినను బండి ఇంకను జారుచునే యుండెను. ఇంజనునుండి వెనుక ఇరుసునకు పోవు షాఫ్టు సంగతి వేరు. 1941లో వచ్చిన విల్లీసు జీపునకు ముందు చక్రమునుండి వెనుక చక్రమునకు దూరము 80 అంగుళములే. పొట్టి జీపులన్నియు ఆ కుటుంబమువే. బండి పొట్టి గనుక షాఫ్టు పొట్టి; చట్రము నాలుగంగుళములు లేచినచో అది నిట్రముగ వంగి పనిచేయవలసి వచ్చును. దాని క్రాసులు రెండు నెలలలో అరిగిపోయినవి.

ఇవన్నియు డబ్బుతో తీరు నష్టములు. ఒకనాడు మా చెల్లెలిని ముందు కూర్చుండబెట్టుకొని, పైన కటకటాల మీద ఆరు బస్తాలు వేసికొని, వాడు ఘాటు దిగుచుండెను. ఒక మలుపులో లోపలి ప్రక్క వెనుక చక్రము నేల విడిచినది. చేతి దూరములో లోయ. బండి మరల కూలబడినది, దైవకృప. చెల్లెలు దిగి, మాట మాటలాడక, క్రింది ఊరి దాక నడిచి వచ్చినది. నెల దినములు కొడుకుతో పలుకలేదు. నెత్తిమీద బిందె పెట్టుకొని పరుగెత్తువాని పాట్లే ఆ బండివి. ఇంజను, మనుష్యులు, బస్తాలు అన్నియు పైకి పోయినవి. రెండు చక్రముల నడుమ వెడల్పు పెరుగలేదు.

అప్పుడు వాడు బండిని నా వాకిటికి తెచ్చినాడు. నేను మొదట ఆ కొట్టువారు విప్పి పారవేసిన పాత కమానులను తెప్పించి చూచితిని. అవి ఏండ్లతరబడి బస్తాలు మోసి చతికిలబడినవి. అనగా బండి తన సొంత ఎత్తును పోగొట్టుకొని యుండగా, దానిని తిరిగి ఇప్పించుటకు బదులు కొత్త ఎత్తు కొన్నాము. నిర్మాతల కొలత ప్రకారము కొత్త కమానులు వేసితిని. టైర్లు 235/75 ఆర్ 15 వేసితిని. దాదాపు 29 అంగుళములు. పిదప బస్తాలతో నింపి, ముందు చక్రమొకదానిని పొలము గట్టు మీదికెక్కించి, స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పించి, క్రింద పండుకొని చూచితిని. ఎక్కడ చూచినను రెండు వ్రేళ్ల సందున్నది. బ్రేకు నూనె గొట్టము బిగియలేదు. ఈ పరీక్షను ఖాళీ బండితో చేయుట దండుగ. టైర్లు నాలుగును ఒకే కొలతవి, సగము అరిగినవియు కొత్తవియు కలుపక వేయవలెను. నాలుగు చక్రములును లాగు బండిలో కొలతలు తేడా పడినచో లోపలి పళ్లు ఒకదానినొకటి నలుపుకొనును.

చట్టము మాట కూడ చెప్పవలెను. నిర్మాతలు మొదట పేర్కొనిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీము కోర్టును ఆ మాటనే గట్టిగా చెప్పినది. ఎత్తు పెంచిన బండికి ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ పేచీ పెట్టుటకు అవకాశము కలదు. కొట్టువారు ఈ సంగతి చెప్పరు, అడిగినచో నవ్వెదరు.

ఇరుసునకు ఇప్పుడు లాభించినది అంగుళములో సగమునకు కొంచెము పైన. అంతే. మా వాడు మొదట ముఖము చిన్నబుచ్చుకొన్నాడు గాని, బస్తాలను కటకటాల మీదినుండి దింపి లోపల వేయుటకు ఒప్పుకొన్నాడు. నిరుటి కోతలలో క్రాసు ఒక్కటియు మార్చలేదు. చెల్లెలు మరల ముందు సీటులో కూర్చుండుచున్నది. ఆ గెడ్డ వచ్చినపుడు మాత్రము ఇప్పటికిని దిగును. చీర కుచ్చెళ్లెత్తి తాను ముందుగా నీటిలో నడిచి, రాయి యెక్కడ నున్నదో కాలితో తడిమి చూపి, అటుపిమ్మటనే బండిని రానిచ్చును.