తెలుగు బైబిలు ఒక్కరి పని కాదు

తెలుగు బైబిలును ఎవరు అనువదించారు? చాలామంది ఎవరో ఒక దొర పేరు చెప్పి ఊరుకుంటారు. అది ఒక్కరి పని కాదండీ.

1805లో క్రాన్, దెగ్రాంజ్ అనే లండన్ మిషనరీలు విశాఖపట్నం వచ్చారు. భాష కొత్త. వాళ్లకు తోడు నిలిచినవాడు ఆనందరాయర్, క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు. ఆయన పేరు ఇప్పుడు ఎందరికి గుర్తుంది చెప్పండి! బెంగాల్లోని సేరంపూర్‌లో వాళ్లు తెలుగు చేసిన మూడు సువార్తలు అచ్చయింది 1812లో. అప్పటికి ఆ దొరలిద్దరూ బతికి లేరు. పని మాత్రం ఆగలేదు. వేరే చేతులు అందుకున్నాయి, దిద్దాయి, తిరగరాశాయి. పూర్తి బైబిలు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పైనే పట్టింది. అందుకే మళ్లీ అంటున్నాను, ఒక్కరి పని కాదు.

మరి మన కృష్ణా డెల్టాలో? మచిలీపట్నంలో నోబుల్ దొర 1843లో పెట్టిన బడిలో బైబిలు కూడా పాఠమే. ఆ తర్వాత కృష్ణకు అవతల, వినుకొండ కవి జాషువా బైబిల్లోని క్రీస్తు కథను పద్యాల్లో చెప్పారు. ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నా మటుకు తెలుగువాళ్లు బైబిలును అందుకున్న తీరుకు అంతకు మించిన సాక్ష్యం లేదు.

ఈసారి బెజవాడ పుస్తకాల పండగకు వెళ్తే ఆ కావ్యం అడగండి. పక్కన ఒక సువార్త పెట్టుకుని చదవండి.