శని, ఆదివారాల్లో సరిహద్దులు దాటి

జర్మనీ పడమటి అంచున ఆహెన్ అనే ఊరుంది. ఇంజినీరింగ్ చదువులకు పేరున్న ఊరు. మన తెలుగు పిల్లలూ అక్కడ చదువుతున్నారు. శనివారం పొద్దున సిటీ బస్సెక్కితే పక్క దేశం నెదర్లాండ్స్‌లోని వాల్స్‌లో దిగొచ్చు. ఆ ఊరి గుట్ట మీద జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం ఒకేచోట కలుస్తాయి. అక్కడి రాయి చుట్టూ నాలుగడుగులు వేస్తే మూడు దేశాలూ తిరిగినట్టే! గేటూ లేదు, కంచే లేదు.

ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోసెల్ నదిలో ఆగిన ఓడ మీద ఐదు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు అందులో 29 దేశాలున్నాయి. వాటిలో ఒక దేశం రెసిడెన్స్ పర్మిట్ ఇచ్చిందంటే, మిగతా దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వేరే వీసా లేకుండా తిరగొచ్చు.

మరి ఖర్చో? లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సులు, ట్రాములు, సెకండ్ క్లాస్ రైళ్లు అందరికీ ఉచితం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 26 ఏళ్లలోపున్న యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాల నివాసులకు ప్రవేశం ఉచితం. ఆ దేశాల్లో చదువుకుంటూ నివాసముండే మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. మోనాలిసాను ఉచితంగా చూసే వయసును తరగతి గదికే అంకితం చేయడం అన్యాయం.

బ్రిటన్, ఐర్లండ్ మాత్రం షెంగెన్ ఒప్పందంలో లేవు, వాటి వీసాలు వేరు. జర్మనీ వంటి దేశాలు ఈమధ్య సరిహద్దుల్లో తాత్కాలిక తనిఖీలూ పెట్టాయి. అందుకే అక్కడున్న మీ పిల్లలకు ఒక్క మాట చెప్పండి: బయల్దేరేముందు అసలు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ వెంట పెట్టుకోమనండి.