వంటయింటి గట్టునకు రాయి

క్రొత్తగా ఇల్లు కట్టించుకొనువారు గోడలకు వేయవలసిన రంగును గూర్చి నెలదినములు చర్చింతురు. వాకిలి తలుపునకు టేకు మంచిదా, వేప మంచిదా యని ఊరెల్ల విచారింతురు. వంటయింటి గట్టుపై ఏ రాయి పరువవలెనను ప్రశ్న మాత్రము తరచుగా ఒక్క మధ్యాహ్నములో తేలిపోవును. రాళ్ళ అంగడికి పోవుట, వరుసగా నిలువబెట్టిన పలకలలో కంటికి నచ్చినదానిని చూపుట, బేరమాడుట, బండి కెక్కించుట. అంతటితో సరి. గోడరంగు నచ్చనిచో ఐదేండ్లకు మార్చుకొనవచ్చును. గట్టుపై పరచిన రాయి ఇరువది, ముప్పది యేండ్లు మనతో కాపురము చేయును. దానిముందు మూడుపూటలు నిలిచి పనిచేయువారు వేరు, అంగడికి పోయి రాయిని ఎంచువారు వేరు అగుటయు మన యిండ్లలో వింత కాదు.

మా యింటి సంగతియే చెప్పెదము. 2014లో ఇల్లు కట్టించునప్పుడు వంటయిల్లు వెన్నెలవలె ఉండవలెనని ముచ్చటపడి తెల్లని పాలరాయి కొంటిమి. అమ్మినవాడు, “గట్టి సరకు, మీ మనుమల కాలమునకు గూడ చెక్కు చెదర”దనెను. గృహప్రవేశమై వారము తిరుగకమునుపే పొయ్యి ప్రక్కన నాలుగైదు వెలిసిన గుండ్రని గుర్తులు కనబడినవి. తడిగుడ్డతో తుడిచినను పోలేదు, సబ్బుతో రుద్దినను పోలేదు. ఇంటిల్లిపాదియు కలిసి మా వదినగారిని తప్పుపట్టితిమి. నిమ్మకాయ పిండిన చోటు వెంటనే తుడువలేదనియు, చింతపండు నానవేసిన గిన్నెను గట్టుమీదనే పెట్టిరనియు, అంత వెలపోసి కొన్న రాయిని పాడుచేసిరనియు అంటిమి. ఆమె మారుపలుకలేదు. ఆనాటినుండి గట్టుపై పాతచీర మడతపెట్టి పరచి, దానిమీదనే కూరలు తరుగుకొనుచు వచ్చిరి.

ఆరేడు నెలలకు మా బంధువులలో భూగర్భశాస్త్రము బోధించు పెద్దమనిషి యొకరు భోజనమునకు వచ్చిరి. ఆయన చీర తొలగించి, ఆ గుర్తులపై వ్రేలు రాచి చూచి, “ఇవి మచ్చలు కావు. ఇచ్చట రాయియే కొంత కరగినది. పులుపు పడిన పాలరాయి కరగక యేమి చేయును? తప్పు వండినవారిది కాదు, కొన్నవారిది” అనిరి. వదినగారు వడ్డించుచు అచ్చటనే యుండిరి. మాకు తలయెత్తుటకు మొగము చెల్లలేదు.

ఆయన చెప్పినది వినిన పిదప గాని మాకు రాళ్ళలోని కులభేదము తెలియలేదు. పాలరాయియు, సున్నపురాయియు ఒక్క తల్లి బిడ్డలు. రెండింటిలోను ముఖ్యపదార్థము కాల్షియం కార్బొనేటే. భూగర్భమున వేడికిని, ఒత్తిడికిని లోనైన సున్నపురాయి తన స్ఫటికముల అమరిక మార్చుకొని పాలరాయి యగును. ఈ పదార్థము ఆమ్లము తగిలినచో బొగ్గుపులుసు వాయువును విడుచుచు కరగును. నిమ్మరసము, చింతపండు, టమాటా, వెనిగరు, పుల్లని మజ్జిగ, అన్నియు కొంచెము హెచ్చుతగ్గులుగా ఈ పనినే చేయును. అద్దమువలె మెరుగుపెట్టిన రాతిలో పైపొర వెంట్రుకవాసి కరగినను చాలును, వెలుగు అచ్చట చెదరి ఆ చోటు వెలిసినట్లు కనబడును. పూత వేసినచో ఏమియు కాదని అంగడివారందురు. ఆ పూతలు నూనెను, పసుపును రాతిలోనికి ఇంకకుండ కొంతకాలము ఆపగలవు. పులుపు పైపొరను తినుటను అవి ఆపజాలవు. పులుసు, పచ్చడి, పులిహోర లేక గడవని వంట మనది. గోంగూర సంగతి చెప్పనే యక్కరలేదు.

అట్లయిన మన పెద్దలు వాడిన కడప బండ మాటయేమని మీరడుగవచ్చును. గూళ్ళకు, అటకలకు, పొయ్యి గట్లకు ఆ నల్లని బండ మనకు చిరకాలముగా పరిచితము. కడప, కర్నూలు సీమల రాతిపొరలను గూర్చి విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లోనే విపులముగా వ్రాసి ప్రకటించెను. ఆ పొరలలో నార్జి సున్నపురాయి యనబడునది ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములలో అప్పడముల దొంతివలె పేర్చినట్లుండును. ఉలి మోపి సుత్తితో కొట్టినచో పొరవెంట బండ బండగా విడివడును. చౌకగా దొరకుటకు అదియొక కారణము. నలుపును చూచి దీనిని గ్రానైటునకు తమ్ముడని తలచువారు కలరు. పేరులోనే యున్నట్లు ఇదియు సున్నపురాయియే. తాండూరు బండయు, బేతంచెర్ల బండయు ఆ జాతివే. నిమ్మరసము వీనిని కూడ విడువదు.

మరి మా అమ్మమ్మగారి యింట కడప బండ నలువది యేండ్లు నిలిచి, నేటికిని చూడముచ్చటగా ఎట్లున్నది? మేము చాలసేపు ఆలోచించితిమి. దానికి మెరుగు పెట్టియుండలేదు. మెరుపే లేనిదానికి మెరుపు పోవుట యేమి? వెలిసిన చోట అప్పుడప్పుడు కొబ్బరినూనె గుడ్డతో రుద్దెడివారు, నలుపు తిరిగి వచ్చెడిది. దానిని అలంకారముగా గాక పనిముట్టుగా చూచిరి. కాబట్టి వెల ఎక్కువ పెట్టలేనివారు కడప బండను నిరభ్యంతరముగా వేసికొనవచ్చును, గాని అద్దపు మెరుగు కోరకుండుట మంచిది. కొనునప్పుడు అంచును పరీక్షించవలెను. అంచున పొరలు విచ్చినట్లున్న బండ కొన్నాళ్ళకు పెచ్చులూడును. వ్రేలి కణుపుతో గాని, చిన్న రాతిముక్కతో గాని బండపై అక్కడక్కడ తట్టిచూడుడు. కంగుమన్నచో మంచిది. ఎక్కడనైన బొదబొదమన్నచో లోపల పగులున్నదన్నమాట.

గ్రానైటు కథ వేరు. అది కరగిన శిలాద్రవము భూమిలోతున మెల్లగా చల్లారుటచే ఏర్పడినది. పలుగురాయి, ఫెల్‌స్పారు, అభ్రకము దానిలోని ముఖ్యఖనిజములు. మోసు అను శాస్త్రజ్ఞుని పది మెట్ల కాఠిన్యపు కొలతలో పాలరాతి ఖనిజము 3వ మెట్టున, ఫెల్‌స్పారు 6వ మెట్టున, పలుగురాయి 7వ మెట్టున నిలుచును. వంటయింటి చాకు ఐదారు మెట్ల నడుమ నుండును. అనగా చాకు జారినచో పాలరాయి గీత పడును, గ్రానైటుపై పడుట అరుదు. మన పులుపులకు గ్రానైటు లొంగదు.

ఇచ్చట నొక తమాషా కలదు. ఒంగోలునకు సమీపమున చీమకుర్తిలో త్రవ్వు నల్లరాయి, బంగారు నలుసులు చల్లినట్లుండునది, గెలాక్సీ గ్రానైటను పేర దేశదేశములకు ఎగుమతి యగుచున్నది. శాస్త్రప్రకారము అది గ్రానైటు కాదు, గాబ్రో యను జాతి రాయి. ఆ నలుసులును బంగారము కావు, బ్రాంజైటు అను ఖనిజపు రేకులు. వంటయింటికి మాత్రము అది ఎంతయు తగినది. పేరు తప్పైనను గుణము ఒప్పు. పేరు ఒప్పుగా నుండి గుణము తప్పైనప్పుడే చిక్కు.

లేతరంగు గ్రానైటులలో కొన్ని నూనెను పీల్చును. వేపుడు పొయ్యి ప్రక్కన అట్టి రాయి ఏడాది తిరుగునప్పటికి గోధుమవన్నె తిరుగును. వానికి పూత అవసరము. పసుపు మరక పడినను దిగులుపడ నక్కరలేదు. ఎండ తగులు కిటికీ ప్రక్కన గట్టు ఉన్నచో ఆ మరక కొన్ని దినములలో తనంత తానే వెలిసిపోవును.

2016లో మేము గట్టు మార్చితిమి. ఈ మారు అంగడికి వదినగారు వచ్చిరి. ఆమె సంచిలో నొక నిమ్మకాయ, చిన్న సీసాలో నూనె, ఒక గాజుముక్క, తెల్లగుడ్డ, గోళ్ళరంగు తుడుచు ద్రవము ఉండెను. అంగడివాడు నవ్వెను. తెల్లగా నిగనిగలాడు ఒక పలకను చూపి, ఇది పాలరాయి కాదమ్మా, క్వార్ట్‌జైటు, గ్రానైటుకంటె గట్టిదనెను. క్వార్ట్‌జైటు నిజముగా గట్టి రాయియే. ఇసుకరాయి మార్పుచెంది ఏర్పడినది, గాజును గీయును. వదినగారు ఆ పలకనుండి ఊడిన ముక్క నొకదానిని అడిగి పుచ్చుకొని, దాని మొనతో గాజుపై గట్టిగా గీసిరి. గాజుపై తెల్లని పొడి నిలిచినది, తుడిచిన పిదప గీత లేదు. మెరుగుపైపున నిమ్మరసము పిండి పది నిమిషములు కూర్చుంటిమి. తుడిచి చూచునప్పటికి మెరుపు చెదరియున్నది. అంగడివాడు నవ్వుట మానెను.

నల్లరాళ్ళకు ఇంకొక పరీక్ష. బూడిదవన్నె రాతికి రంగు పట్టించి నల్లరాయిగా అమ్ముటయు కలదు. గోళ్ళరంగు తుడుచు ద్రవమును తెల్లగుడ్డపై పోసి రుద్దినచో, రంగు వేసిన రాయి గుడ్డకు నల్లదనము అంటించును. నూనె పరీక్షకు తొందర పనికిరాదు. ముక్కను ఇంటికి తెచ్చుకొని, నూనెచుక్క వేసి రాత్రియెల్ల ఉంచి, తెల్లవారి తుడిచి చూడవలెను. ముక్క ఇచ్చుటకు ఒప్పుకొనని అంగడిలో కొనకుండుటయే మేలని మా అభిప్రాయము.

స్నానాలగదిలో పులుసు లేదు గదా, పాలరాయి వేయవచ్చునా? వాష్‌బేసిను గట్టునకు వేయవచ్చును, గాని రెండు షరతులు. మరుగుదొడ్లు కడుగు ద్రవములలో పెక్కింటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లముండును. ఆ సీసా అడుగున అంటిన తడి చాలును, పాలరాతిపై చక్రమువలె అచ్చు దిగును. రెండవది మన బోరునీళ్ళ సంగతి. ఉప్పునీరు ఆరినచోట కట్టు తెల్లని పొక్కు చాలవరకు కాల్షియం కార్బొనేటే, అనగా పాలరాతి పదార్థమే. దానిని కరగించు మందు దేనినైన పోసినచో అది పొక్కును, రాయిని వేరుచేసి చూడదు. కావున ఉప్పునీటి ఊళ్ళలో గ్రానైటే సుఖము. పాలరాయియే కావలెనన్నచో నీటిచుక్క ఆరకమునుపే తుడుచు ఓపిక ఇంటిలో నెవరికున్నదో ముందుగా తేల్చుకొనవలెను.

ఈ నడుమ క్వార్ట్జ్ అను పేర నునుపైన పలకలు విరివిగా వచ్చుచున్నవి. వీనిని సహజశిల యనుకొనువారు కలరు. పలుగురాతి పొడిని వంద పాళ్ళలో తొంబదికి పైగా తీసికొని, రెజిన్‌తో కలిపి అచ్చుపోసినవి ఇవి. వాడుకకు బాగుగనే యుండును. కోయువారికి మాత్రము ప్రాణాంతకము. కోయునప్పుడు లేచు సన్నని పలుగుధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను, కుదురుట యెరుగని వ్యాధిని కలిగించును. పలువురు యువకులైన పనివారు ఆ వ్యాధిపాలగుటచే ఆస్ట్రేలియా ప్రభుత్వము 2024 జూలై 1 నుండి ఈ కృత్రిమశిలను నిషేధించెను. గ్రానైటులోను పలుగురాయి కలదు, పాలు తక్కువ. మా యింట సింకునకు రంధ్రము కోయుటకు వచ్చిన కుర్రవాడు ముక్కునకు చేతిరుమాలు కట్టుకొని పొడిగనే కోయ మొదలిడెను. క్షణములో తులసికోట తెల్లబడినది. వదినగారు గొట్టము తెచ్చి, కోత పొడవునను నీరు పోయుచు నిలుచుండిరి. వాకిలి బురదయైనది, ధూళి లేవలేదు. నీరు పోయుచు కోయుటకు తగిన యంత్రము తెమ్మనియు, మంచి మాస్కు పెట్టుకొమ్మనియు ముందే మాటాడుకొనవలసినది. మేము మరచితిమి.

కొలతలు క్లుప్తముగా. 20 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపుటడుగునకు సుమారు 5 కిలోలు తూగును. ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల గట్టునకు 80 కిలోలన్నమాట. క్రింది ఆధారము అందుకు తగినట్లుండవలెను. సింకు ముందు వెనుకల మిగులు సన్నని పట్టీయే రాతికి బలహీనమైన చోటు. దాని క్రింద తప్పక దన్ను పెట్టించుడు. అంచు అడుగుభాగమున సన్నని గాడి తీయించినచో నీరు వెనుకకు ప్రాకి అలమారులలోనికి కారదు. ఎత్తు విషయమున మేస్త్రీ చెప్పు లెక్క వినకుడు. వండువారు నిలుచుండి మోచేయి మడిచినప్పుడు, మోచేతికి నాలుగు నుండి ఆరంగుళములు తక్కువగా గట్టు ఉండవలెను. మా వదినగారు పొట్టి. మా గట్టు వీధిలోని అన్ని గట్లకంటె రెండంగుళములు తక్కువ. చుట్టములు వచ్చినప్పుడు నడుము వంగి విసుగుకొందురు. వారు వచ్చునది ఏడాదికి నాలుగు దినములు.

తొలగించిన పాలరాతిని పూజగదిలో పీటగా అమర్చితిమి. పంచామృతములో పెరుగున్నది గనుక అభిషేకము పళ్ళెములోనే జరుగును. సింకునకై కోసిన గ్రానైటుముక్కను మేస్త్రీ బండిలో వేసికొని పోబోగా వదినగారు అడిగి ఉంచుకొనిరి. తుడుచుటకు క్రొత్త సబ్బు గాని, పొడి గాని ఇంటికి వచ్చినచో ముందుగా ఆ ముక్క మూలన వేసి చూచి, పిదపనే గట్టుపై వాడుదురు. తక్కిన దినములలో దానిమీద పూరీలు వత్తుదురు.