పెళ్ళయిన ఆడపిల్ల ఇంటిపేరు – పాస్‌పోర్టు, వీసా
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. చదువు చెప్పడమే నా వృత్తి. కానీ రిటైరైన తర్వాత నా గుమ్మంలోకి పుస్తకాలకంటే ఫారాలే ఎక్కువ వస్తున్నాయి. వాటితోపాటు ఒకటే ప్రశ్న వస్తుంది: "ఆపా, అమ్మాయి నికాహ్ అయింది. దుబాయి పంపాలి. పాస్‌పోర్టులో అల్లుడి ఇంటిపేరు వేయించాలా?" కనుక ఈ పూట దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు ఒక సంగతి చెబుతాను. పేర్లు చెప్పను. నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇంటిపేరు షేక్. నర్సింగు చదివింది. అల్లుడి ఇంటిపేరు మహమ్మద్, దుబాయిలో ఉద్యోగం. పిల్ల తన పుట్టింటి పేరుతోనే, భర్త స్పాన్సర్ చేసిన వీసా మీద వెళ్ళింది. ఏ ఇబ్బందీ రాలేదు. రెండేళ్ళకు పాస్‌పోర్టు గడువు తీరవచ్చింది. "ఎలాగూ కొత్తది తీసుకుంటున్నావు, పనిలో పనిగా మా ఇంటిపేరు వేయించుకో" అన్నారు అత్తవారు. ప్రేమతోనే అన్నారు, ఆమె సరేనంది. కొత్త పాస్‌పోర్టు మహమ్మద్ పేరుతో వచ్చింది. రెసిడెన్సు కాగితాలు షేక్ పేరుతోనే ఉన్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ ఆమె తండ్రి మంచం పట్టాడు. కాగితాలు సరిచేయకుండా దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదోనని భయపడి ఆగిపోయింది. సరిచేసుకునే లోపల తండ్రి కన్నుమూశాడు. జనాజా లేస్తుంటే ఆ పిల్ల ఫోనులో ఏడ్చిన ఏడుపు నేను విన్నాను. అందుకే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ఇందులో ఎవరినీ తప్పు పట్టను. తెలియకపోవడమే అసలు తప్పు.

తెలుసుకోవలసిన మొదటి మాట ఇది. భార్యాభర్తలని రుజువు చేసేది ఇంటిపేరు కాదు, పెళ్ళి కాగితం. ఎమిరేట్స్‌కు భార్యను తీసుకువెళ్ళాలంటే అక్కడివారు అడిగేది మ్యారేజి సర్టిఫికెట్టు. దాని మీద మన రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ, తర్వాత ఎమిరేట్స్ రాయబార కార్యాలయం ముద్రలు పడాలి. కనుక నికాహ్ అయిన వారంలోనే ఖాజీసాబ్ దగ్గర నికాహ్‌నామా తీసుకోండి. దాని ఆధారంగా ఇంగ్లీషు సర్టిఫికెట్టు కూడా తెచ్చుకోండి. నికాహ్‌నామాలో పేరు రాసేటప్పుడు పదోతరగతి మెమోలో ఉన్నట్టు ఒక్క అక్షరం తేడా లేకుండా రాయించండి. ఇంట్లో పిలిచే పేరు రాయించి, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు మనలో ఎంతమంది లేరు!

రెండో మాట. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నియమాలు సడలించి, పెళ్ళయినవాళ్ళు పాస్‌పోర్టు దరఖాస్తుతో మ్యారేజి సర్టిఫికెట్టు జతచేయాలన్న నిబంధన తీసేసింది. పెళ్ళి తర్వాత పాస్‌పోర్టులో ఆడవాళ్ళు పేరు మార్చుకోనక్కరలేదని 2017 ఏప్రిల్లో ప్రధానమంత్రి కూడా చెప్పారు. ఇక మన ఆచారం చూస్తే, హజ్రత్ ఖదీజా చివరిదాకా ఖువైలిద్ కూతురుగానే, హజ్రత్ ఆయిషా అబూబకర్ కూతురుగానే పిలవబడ్డారు. అరబ్బు దేశాల్లో ఇప్పటికీ భార్య తండ్రి పేరుతోనే ఉంటుంది. అలాంటి దేశాలకు వెళ్ళడం కోసం మనం పేర్లు మార్చుకోవడం విడ్డూరం కాదా?

మూడో మాట. వీసా మీద ఉన్నప్పుడు పేరు మార్చడమంటే ఒక అక్షరం దిద్దడం కాదు. మన పాస్‌పోర్టులో పేరు కొట్టివేసి రాయరు, కొత్త పుస్తకమే ఇస్తారు. నంబరు కూడా మారుతుంది. దానితోపాటు రెసిడెన్సు కార్డు, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, పిల్లల కాగితాల్లో తల్లి పేరు, అన్నీ కదలాలి. అమెరికా వారి సలహా కూడా వినండి. పెళ్ళివల్ల పేరు మారి కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే, పాత పేరుతో ఉన్న వీసాకు గడువున్నా సరే, ప్రయాణం సులువు కావడానికి కొత్తది తీసుకోవడం మంచిదని వారు చెబుతారు. చదువుకున్న పిల్లకు ఇంకో చిక్కు. డిగ్రీ ఒక పేరుతో, పాస్‌పోర్టు ఇంకో పేరుతో ఉంటే ఉద్యోగం దగ్గర ఇద్దరూ ఒకరేనని రుజువు చూపాలి.

అయితే ఒక మినహాయింపు ఉంది. పాస్‌పోర్టులో ఒకటే మాట పేరుండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలి. అలాంటి పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. వాళ్ళు ఆ గడి నింపించుకోవాలి. నింపేటప్పుడు మెమోలో ఉన్న షేక్, సయ్యద్, పఠాన్ ఏదైతే అదే వేయించండి. పెళ్ళికి ముందే వేయిస్తే మరీ మంచిది.

ఇంత చెప్పినా, భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని అమ్మాయికే మనసుంటే వద్దనడానికి నేనెవర్ని? అప్పుడు వరస తప్పకూడదు. వీసాకు దరఖాస్తు చేయకముందే ఇక్కడ మార్పించండి. అక్కడికి వెళ్ళాక మార్చేట్లయితే, ముందు ఆ దేశపు ఇమిగ్రేషన్ ఆఫీసులో అడిగి, తర్వాత మన రాయబార కార్యాలయానికి వెళ్ళండి. ఆ నడుమ టిక్కెట్టు కొనవద్దు. పాత పాస్‌పోర్టు రద్దయినా పారేయకండి. మ్యారేజి సర్టిఫికెట్టు ఒరిజినల్ ఎప్పుడూ చేతిలో ఉండాలి.

కాగితాల్లో తేడా వస్తే ఏమవుతుందో మన జవహర్‌నగర్ వాళ్ళకు వేరే చెప్పాలా? 2016 దాకా మనది రంగారెడ్డి జిల్లా, తర్వాత మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. నిన్నటిదాకా గ్రామపంచాయతీ, 2019లో కార్పొరేషన్. ఇల్లు కదలలేదు, మనం కదలలేదు. అయినా ఒక కార్డు మీద ఒక జిల్లా, ఇంకో కార్డు మీద ఇంకో జిల్లా అని ఎన్నిసార్లు కౌంటరు దగ్గర నిలబడ్డాం! జిల్లా పేరు మార్చింది ప్రభుత్వం. కూతురి పేరు మాత్రం మన చేతుల్లో ఉంది.

తల్లిదండ్రులకూ, అత్తమామలకూ నా మనవి ఒక్కటే. కోడలు మీ ఇంటి మనిషి అయ్యేది మీ ఆదరణతో, పాస్‌పోర్టు మీది అక్షరాలతో కాదు. ఆ పిల్ల అవసరానికి విమానం ఎక్కగలిగితే అదే పదివేలు. ఫారం నింపేముందు సందేహం వస్తే రాత్రయినా మా తలుపు తట్టండి. కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటాను.